ఆచార్యుడెప్పుడు అనాచార్యుడగును?

విద్య రెండు విధములుగా లభించును. గ్రంథమును చదివి నేర్చుకొనునది ఒకటి. పెద్దల చెంత నిలిచి, వారు చేయు పనిని కన్నులార చూచి నేర్చుకొనునది మరియొకటి. వైద్యము, పౌరోహిత్యము, పాకము, న్యాయవాదము అను నాలుగును ఈ రెండవ తెగకు చెందినవి. పంచాంగము చదువనేర్చిన వారెల్ల పురోహితులు కానట్లే, లా పట్టము చేతబట్టుకొని వచ్చిన వారెల్ల న్యాయవాదులు కాజాలరు. దావా ఎట్లు వ్రాయవలెను, సాక్షిని ఏ ప్రశ్న అడుగవలెను, ఏ ప్రశ్న అడుగక మానవలెను, న్యాయమూర్తి ఎదుట ఎప్పుడు మౌనము వహింపవలెను అను సంగతులు ఏ కళాశాలయు పూర్తిగా నేర్పజాలదు. అందుచేతనే నేటికిని యువ న్యాయవాది సన్నదు పుచ్చుకొనిన వెంటనే ఒక సీనియరు ఆఫీసు మెట్లెక్కుచున్నాడు.

పల్నాటి సీమలోను ఇదియే ఆచారము. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. నరసరావుపేట, గురజాల, మాచర్ల పట్టణములలోని కోర్టుల చుట్టును ఉన్న న్యాయవాదుల ఆఫీసులు ఒక విధముగా చిన్న పాఠశాలలు. మిరప, ప్రత్తి పండించు రైతు పొలము గట్టు తగాదాతోనో, పాలివారి పంపకముల వివాదముతోనో అచ్చటికి వచ్చును. కాగితముల కట్ట విప్పి అతని గోడు మొదట వినువాడు చాల తావుల జూనియరే. వాయిదాలు వ్రాసికొనుట, నకళ్లకు దరఖాస్తు పెట్టుట, సీనియరు రాక ఆలస్యమైనచో కోర్టులో లేచి గడువు కోరుట మొదలగు పనులన్నియు అతనివే. ఈ పనులలో తక్కువ పని యనునది లేదు. వీనివలననే విద్య అబ్బును.

అయితే ఈ చిన్న పాఠశాలలలో కొన్నింట విద్యతోపాటు వేరొకటియు నడచుచుండుట లోకమెరిగిన సంగతి. కక్షిదారుల ముందర జూనియరును పేరు పెట్టి తిట్టుట, వ్రాసి తెచ్చిన కాగితమును చదువకయే మొగమున విసరుట, కులమును పుట్టినూరును ఎత్తిపొడుచుట, రాత్రి పది గంటల వరకు కారణము లేక కూర్చుండబెట్టుట, పండుగనాడు ఇంటికి పోవుదునన్నచో పరిహసించుట, నెలల తరబడి పని చేయించుకొని దారి ఖర్చులకైనను ఈయకుండుట, చివరకు తన పొరపాటును జూనియరుపై మోపుట. ఇవి ఒక్క పల్నాటికే పరిమితమైనవి కావు. అంతర్జాతీయ బార్ అసోసియేషను 2019లో ప్రకటించిన నివేదికకై 135 దేశములకు చెందిన దాదాపు 7,000 మంది న్యాయవాద వృత్తివారు సమాధానములిచ్చిరి. వారిలో స్త్రీలలో ఇంచుమించు సగము మంది, పురుషులలో మూడవవంతు మంది తాము పని చేయుచోట ఇట్టి వేధింపునకు గురియైతిమని చెప్పిరి. అట్టి సంఘటనలలో 57 శాతము ఎవ్వరికిని ఫిర్యాదుగా చేరనే లేదు. పరులకు న్యాయము చేకూర్చు వృత్తిలోనివారే తమకు జరిగిన అన్యాయమును దిగమ్రింగుచున్నారని దీని భావము.

ఇచ్చట ఒక వివేకము అవసరము. కాఠిన్యమెల్ల వేధింపు కాదు. కక్షిదారుని ఆస్తి పోవు ప్రమాదమున్నచోట జూనియరు అజాగ్రత్తగా తేదీ తప్పు వేసినచో సీనియరు మందలింపవలసినదే. పది మారులు తిరిగి వ్రాయించుటయు విద్యలో భాగమే. మందలింపు తప్పును సవరించును, వేధింపు మనిషిని కించపరచును. మందలింపబడినవాడు మరునాడు ఆ తప్పు చేయడు. వేధింపబడినవాడు మరునాడు ఆ తప్పును దాచును. రెంటికిని భేదమును గుర్తించుటకు ఈ ఒక్క గురుతు చాలును.

ఇట్లు ప్రవర్తించువారు సాధారణముగా చెప్పు సమాధానమొకటి కలదు. "మేమును మా సీనియరు వద్ద ఇంతకంటె పడితిమి. గురుకులమనగా అట్లే ఉండును. పూర్వము శిష్యులు గురువుల గోవులను కాయలేదా, కట్టెలు మోయలేదా?" అని వారందురు. శాస్త్రమును అడ్డము పెట్టుకొని పలికిన మాట గనుక దీనికి శాస్త్రముతోనే సమాధానము చెప్పుట యుక్తము.

మహాభారతము ఆదిపర్వమున ధౌమ్యమహర్షి శిష్యులు మువ్వురి కథ కలదు. గట్టు తెగిన మడికి తన దేహమునే అడ్డముగా ఉంచిన ఆరుణిని అందరును ఎరుగుదురు. గురువు ఒక్కొక్క ఆహారమును నిషేధింపగా జిల్లేడాకులు తిని, చూపు పోయి, బావిలో పడిన ఉపమన్యుని కూడ ఎరుగుదురు. సీనియర్లు ఉదాహరించునది ఈ ఇరువురినే. మూడవ శిష్యుని పేరు వేదుడు. ఇతడు గురువు ఇంట కాడి మోయు ఎద్దువలె చాలకాలము బరువులు మోసి, ఎండకును చలికిని ఆకలిదప్పులకును ఓర్చి, తుదకు గురువు అనుగ్రహము పొంది ఇల్లు చేరెను. తరువాత అతడును గురువయ్యెను, అతనికిని శిష్యులు కలిగిరి. కాని అతడు వారిచేత ఊడిగము చేయించుకొనలేదు. గురుకులవాసములోని దుఃఖమును తాను స్వయముగా ఎరిగినవాడగుటచే, తన శిష్యులను అట్టి క్లేశమునకు లోను చేయుటకు అతనికి మనసొప్పలేదని మహర్షి వ్యాసుడు కారణమును గూడ తెలిపెను.

"మేమును పడితిమి" అను మాటకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. పడిన కష్టమునుండి రెండు దారులు బయలుదేరుచున్నవి. ఒకటి, నేను పడితిని గనుక నీవును పడుమనుట. రెండవది, నేను పడితిని గనుక నీవు పడరాదనుట. అనుభవము రెంటికిని ఒక్కటే, తీర్పు మాత్రము వేరు. మొదటి దారిన పోవువాడు తాను పొందిన గాయమును ఆస్తివలె తరువాతి తరమునకు పంచిపెట్టుచున్నాడు. రెండవ దారిన పోవువాడు దానిని తనతోనే ముగించుచున్నాడు. వ్యాసుడు గురువుగా నిలిపి చూపినది రెండవవానినే.

ఇక ధర్మసూత్రములను పరిశీలింతము. ఆంధ్రదేశమున అధికసంఖ్యాకులగు వైదిక గృహస్థులకు ఆపస్తంబ మహర్షి సూత్రమే ప్రమాణము. నిత్యము అభివాదనములో ఆ సూత్రమును పేర్కొనువారు ఎందరో కలరు. ఆ మహర్షి ధర్మసూత్రమున గురువునకు విధించిన నియమములు శ్రద్ధతో గమనింపదగినవి. గురువు శిష్యుని కుమారునివలె ప్రేమింపవలెను. ఏ విషయమును దాచక, ఏకాగ్రతతో విద్యను గ్రహింపజేయవలెను. ఆపత్సమయమున తప్ప, చదువునకు విఘాతము కలుగునట్లు శిష్యుని తన స్వంత పనులకు వినియోగించుకొనరాదు. అంతటితో ఆగక, విద్య నేర్పుటలో విముఖుడైన ఆచార్యుడు ఆచార్యుడే కాకుండా పోవునని ఆయన శాసించెను. ఆచార్యత్వము వయస్సుతోను గోడకు వ్రేలాడు పలకతోను స్థిరపడు హోదా కాదు, ప్రతిదినము విద్యాదానముచేత నిలుపుకొనవలసిన అర్హత.

గౌతమ ధర్మసూత్రము మరియొక అడుగు ముందుకు పోవుచున్నది. శిష్యుని కొట్టక శిక్షింపవలెననియు, అది సాధ్యము కానిచో సన్నని త్రాడుతోనో వెదురుబద్దతోనో మాత్రమే దండింపవచ్చుననియు, దానిని మించి కొట్టిన గురువును రాజు దండింపవలెననియు అది చెప్పుచున్నది. నేటి కాలమున ఆ సన్నని త్రాడునకును చోటులేదు. అయినను ఆ సూత్రములోని ఆంతర్యము పాతబడలేదు. గురుశిష్యుల నడుమ జరుగునది వారి ఇంటి గుట్టు కాదనియు, గురువు హద్దు మీరినచో అడుగుటకు పైన ఒక అధికారముండవలెననియు ఆనాడే నిర్ణయింపబడినది.

నేటి చట్టమేమి చెప్పుచున్నదో చూడవలెను. 1961 నాటి న్యాయవాదుల చట్టమున, సన్నదునకు ముందు శిక్షణ పొందవలెనను నియమముండెను. 1973 సవరణతో అది తొలగిపోయెను. 1995లో భారత బార్ కౌన్సిలు ఒక సంవత్సరపు శిక్షణను తిరిగి తప్పనిసరి చేయగా, అట్టి నియమము చేయు అధికారము కౌన్సిలునకు లేదని 1999లో వి. సుధీర్ కేసున సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. కనుక జూనియరునకును సీనియరునకును గల సంబంధము నేడు చట్టపు బంధనముకంటె ధర్మము మీదనే ఎక్కువగా ఆధారపడి యున్నది. జీవనభృతి విషయమున కొంత కదలిక కలిగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 డిసెంబరులో లా నేస్తమను పథకమును ప్రారంభించి, వృత్తిలో మొదటి మూడేండ్లు నెలకు 5,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు చేసెను. 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిలు, జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలకు తక్కువ కాకుండ ఈయవలెనని సీనియర్లకును సంస్థలకును సూచించెను. ఇది సూచనయే కాని శాసనము కాదు. చిన్న పట్టణములలోని సీనియర్లకు ఇంత మొత్తము భారమనుటయు అసత్యము కాదు. కాని ధనము లేనివాడు ధనమీయలేకపోవచ్చును గాని, మంచిమాట ఈయలేనంత బీదవాడు ఎవ్వడును ఉండడు.

ఇంతవరకు చెప్పినది జూనియరు బాధ. దీనివలన నష్టపడువాడు మరియొకడు కలడు. అతడు కక్షిదారు. ఒక సందర్భమును ఊహింతము. మాచర్ల ప్రాంతపు రైతొకడు పొలము దావాలో ఓడిపోయెను. జిల్లా కోర్టులో అప్పీలు చేయుటకు 30 దినముల గడువున్నది. తీర్పు నకలు సంపాదించుటకు పట్టిన కాలము అందులో మినహాయింపబడును. గడువు రేపటితో తీరునని జూనియరునకు సాయంకాలము తట్టినది. మృదువుగా మాటలాడు సీనియరు ఉన్నచో అతడు పరుగున పోయి చెప్పును. ఆ రాత్రియే కాగితములు సిద్ధమగును. కాని అడిగినందుకు తిట్టు, అడుగనందుకు తిట్టు అలవాటైన ఆఫీసులో అతడు తటపటాయించును. రేపు చెప్పుదుమనుకొనును. గడువు దాటును.

అప్పటికైనను దారి మూసికొనిపోదు. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నించు అధికారమును చట్టము కోర్టునకు ఇచ్చినది. ఉన్నదున్నట్లు చెప్పుకొన్నచో మన్నన పొందు అవకాశము కలదు. అయితే భయము ఏలు చోట సత్యము మొదట పలుకబడదు. "రైతునకు జ్వరమని ప్రమాణపత్రములో వ్రాయుము, వైద్యుని చీటీ ఒకటి తెప్పింపుము" అని సీనియరు ఆజ్ఞాపించును. జూనియరు వ్రాయును. ఏమియు తెలియని రైతు దానిపై వ్రేలిముద్ర వేయును. ఒక దుర్భాష నుండి మౌనము, మౌనము నుండి ఆలస్యము, ఆలస్యము నుండి అసత్యప్రమాణము పుట్టుక్రమమిది. తుదకు కోర్టులో అబద్ధీకుడని పేరు మోయువాడు ఆ రైతే. జూనియరును అవమానించుట వారిద్దరి మధ్య విషయమనువారు ఈ క్రమమును ఒక్కమారు ఆలోచింపవలెను.

శ్రీవైష్ణవ సంప్రదాయమునకు ఈ విషయము కొత్తది కాదు. సాక్షాత్తు భగవద్రామానుజులే ఇట్టి గురువు చేత బాధలుపడిరి. కంచిలో యాదవప్రకాశుని వద్ద వేదాంతము చదువునపుడు, భగవంతుని నేత్రములను వర్ణించు ఛాందోగ్యవాక్యమునకు గురువు చెప్పిన అర్థము విని రామానుజులు కన్నీరు పెట్టి, వేరొక అర్థమును వినయముతో విన్నవించిరి. శిష్యుని మేధ గురువునకు ఆనందము కలిగింపవలసినది. యాదవప్రకాశునకు అది అసూయయై, అసూయ ద్వేషమై, కాశీయాత్ర మిషతో శిష్యుని కడతేర్చు కుట్ర వరకు పోయెనని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. తమ్ముడగు గోవిందుడు రహస్యముగా హెచ్చరింపగా రామానుజులు వింధ్యాటవిలో ఆ గుంపును విడిచి తప్పించుకొనిరి.

ఈ కథలో రెండు అంశములు నేటి జూనియరునకు ఉపయోగించును. గురువను పేరు చూచి రామానుజులు తమ ప్రాణమును అర్పింపలేదు. ఆపదను గుర్తించి తొలగిపోయిరి. అది గురుద్రోహమని సంప్రదాయమున ఎవ్వరును అనలేదు. మరియు గోవిందునివంటి సహాధ్యాయి లేకున్నచో ఆ కథ మరియొక విధముగా ముగిసెడిది. తోటి జూనియరు అవమానింపబడుచుండగా తల వంచుకొని కాగితములు సర్దుకొనువారు గోవిందుని తలచుకొనవలెను. తరువాతి కాలమున యాదవప్రకాశుడు పశ్చాత్తప్తుడై వచ్చి, ఆ శిష్యునికే శిష్యుడై, గోవింద జీయరను నామము పొందెను. రామానుజులు అతనిని ఆదరించిరి. క్షమ వచ్చినది మార్పు వచ్చిన పిమ్మట. మార్పునకు ముందే క్షమను కోరుట వేధించువాని సౌకర్యము కొరకే యగును.

అట్లని జూనియరునకు నియమములు లేకపోలేదు. బజారున నిలిచి సీనియరును దూషించుట అతనికి తగదు. నేర్చుకొనిన విద్యకు కృతజ్ఞత ఉండవలెను. ఆఫీసు విడిచినను కక్షిదారుల రహస్యములను కాపాడవలెను. కాని అసత్యమును వ్రాయుమన్నచో వ్రాయననుట అవిధేయత కాదు. పరశురాముడు ఆజ్ఞాపించినను, తన వ్రతమునకు విరుద్ధమని భీష్ముడు అంబను స్వీకరింపలేదు. నమస్కరించియే నిరాకరించెను. మొదట ఏకాంతమున సీనియరుతో విన్నవించుకొనవచ్చును. ఫలింపనిచో బార్ అసోసియేషను పెద్దలకు తెలుపవచ్చును. దుష్ప్రవర్తన మితిమీరినచో రాష్ట్ర బార్ కౌన్సిలు ఉన్నది. న్యాయవాదుల చట్టము 35వ సెక్షను క్రింద మందలించుటకు, కొంతకాలము వృత్తినుండి నిలిపివేయుటకు, జాబితా నుండి పేరు తొలగించుటకు దానికి అధికారము కలదు. గౌతముడు చెప్పిన రాజదండము నేడు ఈ రూపమున నున్నది. వృత్తిలోనికి వచ్చు ఆడపిల్లల విషయమున మరింత జాగరూకత కావలెను. 1997 నాటి విశాఖ తీర్పులోని మార్గదర్శక సూత్రములు బార్ అసోసియేషనులయందును పాటింపబడునట్లు చూడవలెనని 2012లో సుప్రీంకోర్టు బార్ కౌన్సిలును ఆదేశించెను.

గృహస్థులకును ఇందు ఒక బాధ్యత కలదు. కుమారుడో కుమార్తెయో రాత్రివేళ ఇల్లు చేరి, అన్నము ముందర మాటలేక కూర్చున్నప్పుడు, తల్లిదండ్రులు సాధారణముగా "పెద్దవారు నాయనా, సర్దుకొని పొమ్ము. పేరున్న ఆఫీసు, వదలుకోవద్దు" అందురు. ప్రేమతో అన్న మాటయే అయినను, బిడ్డకు అది ఒంటరితనముగా వినబడును. సర్దుకొనుమనుటకు ముందు, ఏమి జరిగినదని అడుగవలెను. పనిలోని కష్టమును చెప్పినచో ధైర్యము చెప్పవలెను. అవమానమును చెప్పినచో వేరొక ఆఫీసు వెదకుటకు తోడుపడవలెను. అబద్ధమునకు సంతకము పెట్టుమన్నారని చెప్పినచో, పెట్టవద్దని స్పష్టముగా చెప్పవలెను. ఉద్యోగము పోయిన ఇల్లు మరల నిలదొక్కుకొనగలదు.

పల్నాటి న్యాయవాదులకు ఆదర్శములు దూరమున లేవు. బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ, విదేశమున చదివిన చదువును గొప్పకు వాడుకొనక, పల్నాటి పుల్లరి ఉద్యమమున పాల్గొని జైలుకు వెళ్ళెను. 'మాలపల్లి' నవలను ఆయన జైలులోనే రచించెను. అంతకు ఏడు వందల ఏండ్లకు పైబడి పూర్వము, మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవుని కొలిచిన బ్రహ్మనాయుడు, కులభేదము లేక అందరును ఒకే చాపపై కూర్చుండి భుజించు చాపకూటిని నెలకొల్పెను. మాలకులజుడగు కన్నమదాసును కుమారునిగా చేపట్టి సేనానాయకత్వమును అప్పగించెను. అధికారము బ్రహ్మనాయుని చేతిలోనే ఉండెను. చాపపై కూర్చుండినందువలన అది తగ్గలేదు.

కార్తికమాసమున కారెంపూడిలో వీరారాధన జరుగునప్పుడు నేటికిని చాపకూటిని భక్తులు స్మరించుచున్నారు. ఆ చాపను చూచి వచ్చిన సీనియరు న్యాయవాది, మరునాడు ఆఫీసులో కక్షిదారులు కూర్చున్నంతసేపు జూనియరు గోడకు ఆనుకొని నిలుచుండుటను గమనించినచో, చేయవలసినది పెద్దపని కాదు. ఒక కుర్చీ తెప్పించి, "కూర్చో నాయనా, ఈ కేసులో నీకు తోచినదేమో చెప్పుము" అనిన చాలును. గడువు రేపటితో తీరుననిన మాట ఆ జూనియరు నోట ఆనాడే బయటికి వచ్చును.